‘అంగీకరిస్తున్నాను’ గారికి నా బొటనవేలి నమస్కారాలు

మహారాజశ్రీ ‘అంగీకరిస్తున్నాను’ బటన్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఫోను తెర అడుగున, నీలి రంగులో నిగనిగలాడుతూ తమరు క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. మీ పక్కన బూడిద రంగులో నక్కి ఉండే తమ్ముడు ‘తర్వాత చూద్దాం’ కూడా కులాసాయే కదా. మీ అన్నగారు ‘వద్దు’ మాత్రం చాలాకాలంగా కనిపించడం లేదు. ఎక్కడైనా తప్పిపోయారా, ఆస్తి పంపకాల్లో మీరే ఇంట్లోంచి పంపేశారా?

విషయానికి వస్తాను. మా నాన్నకు సంతకమంటే జంకు. అక్క పెళ్లికి అప్పు తెచ్చినప్పుడు ప్రోనోటు రాసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. కాగితాన్ని దీపం దగ్గరకు జరుపుకుని మూడుసార్లు చదివారు. వడ్డీ అంకెల్లోనే ఉంటే ఒప్పుకోక అక్షరాల్లో కూడా రాయించారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాక కలం మూత పెట్టడం మరిచిపోయి, చొక్కా జేబు నిండా సిరా చేసుకున్నారు. అదొక్కటే కాగితం, అరపేజీ.

ఆయన కొడుకును నేను. నిన్న ఒక్క రోజే పదకొండుసార్లు మిమ్మల్ని నొక్కాను. హోటల్లో ఇడ్లీ ధర చూడడానికి ఒకసారి, కరెంటు బిల్లుకు ఒకసారి, పిల్లవాడి హోంవర్క్ ఏమిటో తెలుసుకోవడానికి రెండుసార్లు. ఇడ్లీ ధరకూ ఒప్పందానికీ సంబంధమేమిటని అడిగితే, సర్వరు నన్ను వేరే లోకం నుంచి దిగినవాణ్ని చూసినట్టు చూశాడు.

పాత దస్తావేజుల్లో చివర ఒక వాక్యం ఉండేది: ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని చేసిన నిశానీ’. అక్షరం రానివాడికి కూడా ఎవరో ఒకరు చదివి వినిపించాలి, ఇద్దరు సాక్షులు కూర్చోవాలి. మీ దగ్గర అక్షరం వచ్చినవాడికే ఆ భాగ్యం లేదు. చదివి వినిపిస్తే ఎంతసేపు పడుతుందో నార్వే వాళ్లు 2016లో చూపించారు. అక్కడి వినియోగదారుల మండలి, ఒక సగటు మనిషి ఫోనులో ఉండే 33 యాప్‌ల షరతులను మనుషుల చేత గొంతెత్తి చదివించింది. దాదాపు 32 గంటలు పట్టింది. మొత్తం కలిపితే బైబిల్లోని కొత్త నిబంధన కన్నా పెద్దదట. మీరు వారానికోసారి ‘మా నిబంధనలు మారాయి’ అని కబురు పంపినప్పుడల్లా నాకు ఆ గ్రంథమే గుర్తుకొస్తుంది. ఇది కొత్త నిబంధనల కొత్త నిబంధన.

చదవకపోతే ఏమవుతుందో కూడా మీ అభిమానులు పరీక్షించి చూశారు. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్‌లో గేమ్‌స్టేషన్ అనే వీడియో గేముల దుకాణం, కొనేవారి ఆత్మ తమకే చెందుతుందని షరతుల్లో ఒక వాక్యం కలిపింది. సుమారు 7,500 మంది ఆత్మలు రాసిచ్చేశారు. 2017లో పర్పుల్ అనే వైఫై సంస్థ, ఉచిత ఇంటర్నెట్‌కు బదులుగా వెయ్యి గంటలు మరుగుదొడ్లు కడగడంలాంటి సేవలు చేయాలని రాసింది. 22,000 మంది తలూపారు. రెండు వారాల్లో ఒక్కడే పట్టుకున్నాడు. ఆ ఒక్కడెవరో గానీ, ఆయనకు ఇంట్లో పనీ పాటా లేదని పెళ్లాం తిట్టిపోసి ఉంటుంది.

వీళ్లకన్నా పెద్దమనుషులు పీసీ పిట్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వారు. షరతుల మధ్యలో ఒక ఈమెయిల్ చిరునామా రాసి, ఇక్కడికి ఉత్తరం రాస్తే బహుమానం ఇస్తామన్నారు. నాలుగు నెలలు గడిచాయి. మూడు వేల మందికి పైగా ఆ సాఫ్ట్‌వేర్ దించుకున్నాక ఒక పుణ్యాత్ముడు ఉత్తరం రాశాడు. వెయ్యి డాలర్లు అందుకున్నాడు. ఆ చెక్కు సంగతి విన్నాక నేనూ ఒక యాప్ షరతులు చదవడానికి కూర్చున్నాను. నాలుగో పేరాలో నిద్రపోయాను. బహుమానం ఐదో పేరాలో ఉందేమో.

పాటలు వినే ఐట్యూన్స్ వాడుతూ అణ్వాయుధాలు తయారు చేయనని మీ ద్వారా కోట్ల మంది మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాం. ఘంటసాల పాటలు వింటూ ఇంతవరకు ఒక్క బాంబు కూడా చేయలేదు.

మీరు కనీసం నొక్కేదాకా ఆగుతారు. మీ కులంలో ఆ ఓపిక కూడా లేనివాళ్లున్నారు. 2013లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చిలైటు యాప్‌ను పట్టుకుంది. వెలుతురు ఇవ్వడం తప్ప వేరే పని లేని యాప్ అది. ‘ఒప్పుకుంటారా, నిరాకరిస్తారా’ అని మర్యాదగానే అడిగేది. మనిషి జవాబు చెప్పేలోపే అతను ఎక్కడున్నాడో ప్రకటనల వాళ్లకు పంపించేసేది. పెళ్లిచూపులకు వచ్చి, పిల్ల నచ్చిందో లేదో చెప్పకముందే శుభలేఖలు పంచిపెట్టినట్టు.

ఆ మాటకొస్తే, షరతులు పూర్తిగా గ్రహించినవాడు మన పురాణాల్లో నాకు ఒక్కడే కనిపిస్తాడు, శుక్రాచార్యుడు. వటువు అడుగుతున్నది మూడడుగులే, ఆ అడుగు కొలత ఎంతో ఎక్కడా చెప్పలేదని ఆయనకు తెలిసిపోయింది. బలికి చెప్పాడు. బలి వినలేదు. ధార పడకుండా కమండలం కొమ్ములో దూరి అడ్డుకున్నాడు. దర్భ గుచ్చుకుని కన్ను పోయింది. చదవకుండా ధార పోసినవాడు పోయి పోయి పాతాళానికి రాజయ్యాడు. చదివినవాడు ఒంటికన్నుతో మిగిలాడు. ఇంక మేమెందుకు చదువుతాం చెప్పండి.

నవ్వులాటకు రాస్తున్నాను గానీ, ఒక్క సంగతి దగ్గర నవ్వు రాదు. ఫ్లోరిడాలో డిస్నీ ప్రాంగణంలోని ఒక రెస్టారెంటులో 2023లో భోజనం చేసిన వైద్యురాలు అలర్జీ వికటించి చనిపోయింది. భర్త కోర్టుకు వెళ్లాడు. ఆయన 2019లో సినిమాలు చూసుకోవడానికి ఒక నెల ఉచితంగా డిస్నీ ప్లస్ తీసుకున్నాడు కాబట్టి, అప్పుడు మిమ్మల్ని నొక్కాడు కాబట్టి, కోర్టుకు రాకూడదని, మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని కంపెనీ వాదించింది. లోకం ఉమ్మేసరికి 2024 ఆగస్టులో ఆ వాదన వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకుంది గనుక అది చెల్లుతుందో లేదో తేలనే లేదు. మా నాన్న మూడుసార్లు చదివింది ఇలాంటి దానికి భయపడే.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, మీ నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరిన భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలి. అందులో తెలుగూ ఉంది. సంతోషించాను. ఆ తెలుగు ఎలా ఉంటుందో మాత్రం చట్టంలో లేదు. కిందటి నెల అమ్మ ఫోనులో కొంత రుచి చూశాను.

అమ్మకు కొత్త ఫోను కొన్నాం. పంచాంగం యాప్ ఒకటి పెట్టమంది. దించాను, తమరు ప్రత్యక్షమయ్యారు. అలవాటుగా వేలు చాచేసరికి అమ్మ ఫోను లాక్కుంది. కళ్లజోడు తెచ్చుకుని మొదటి నుంచి చదవసాగింది. “మీ సంప్రదింపులను తృతీయ పక్షములతో పంచుకొనుటకు సమ్మతించుచున్నారు” అన్న చోట ఆగింది.

“తృతీయ పక్షమేమిటిరా? శుక్లపక్షం, కృష్ణపక్షం, పక్షాలు రెండేగా?”

“అంటే వేరే కంపెనీలమ్మా. నీ ఫోనులో ఉన్న నంబర్లు వాళ్లకు ఇస్తారట.”

“వర్జ్యం చూసుకోవడానికి మీ పిన్ని నంబరు వాళ్లకెందుకు?”

నా దగ్గర జవాబు లేదు. అందరూ ఇస్తారన్నాను. అందరూ అంటే ఎవరని అడిగింది. నేనే అన్నాను.

“పిన్నిని అడిగావా?”

అడగలేదు. ‘వద్దు’ అనేది ఎక్కడుందో చూపించమంది. తెరంతా వెతికాను. మీరున్నారు, మీ పక్కన ‘నిష్క్రమించు’ ఉంది. ఒప్పుకోకపోతే బయటికి నడవమన్నమాట. అమ్మ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, “నా వేలు మాత్రం పెట్టను. నీకంత తొందరగా ఉంటే నువ్వే నొక్కు” అంది.

నొక్కాను. ఫోను అమ్మది, నంబర్లు పిన్నివీ మామయ్యలవీ, వేలు నాది. తెర మీద చక్రం కాసేపు తిరిగి తిరిగి, ఆ రోజు తిథి ఏకాదశి అని చూపించింది.

అమ్మ తలెత్తి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

“అక్కడా అదేగా ఉంది” అంది.

ఇట్లు,
తమ విధేయుడు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)