సవరణ: ఐరోపా సమాచార వ్యవస్థను మార్చింది అచ్చుయంత్రమేనా?

ఐరోపాలో 16, 17 శతాబ్దాల్లో సమాచార వ్యవస్థ మారిపోవడానికి అచ్చుయంత్రమే మూలకారణమని గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని సవరించి చదువుకోవలసిందిగా పాఠకులకు మనవి. మైంట్స్ నగరంలో గూటెన్‌బర్గ్ అచ్చుపని మొదలుపెట్టింది 1450 ప్రాంతంలో. స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ కరోలస్ తన వారపత్రికను (అచ్చు వార్తాపత్రికల్లో మొదటిదిగా దీన్నే చెబుతారు) అచ్చువేయడం మొదలుపెట్టింది 1605లో. యంత్రమే కారణమైతే మధ్యలో 150 ఏళ్లు ఎందుకు గడిచాయి? కరోలస్ అంతకుముందు వార్తాలేఖలకు చేతిరాత నకళ్లు తీయించి సంపన్న చందాదారులకు అమ్మేవాడు; నకళ్లు తీయడానికి చాలా సమయం పడుతోంది కాబట్టే అచ్చుకు మారానని నగర సభకు పెట్టుకున్న అర్జీలో ఆయనే చెప్పుకున్నాడు. అంటే వార్తలు కొనే జనమూ, వాటిని క్రమం తప్పకుండా తెచ్చే తపాలా ముందే ఉన్నాయి, అచ్చు వాటికి తర్వాత తోడైంది.

ఆ తపాలాలోనూ కొత్త యంత్రం ఏదీ లేదు. అవే గుర్రాలు, అవే మట్టిదారులు. ఇంగ్లండులో రాచకార్యాల ఉత్తరాలకై ఏర్పడిన ఆ గుర్రపు తపాలాను మొదటి చార్లెస్ రాజు 1635లో ఒక ప్రకటన ద్వారా సామాన్యులకూ తెరిచాడు. 80 మైళ్ల లోపు ఒక ఉత్తరానికి 2 పెన్నీలు రుసుము. దూరప్రాంతాలతో బేరసారాలు సాగించే వర్తకులు, చదువు నేర్చి సొంతవారికి సొంత చేత్తో రాసుకోదలచిన కుటుంబాలు పెరిగినందువల్లనే ఆ రుసుముతో తపాలా నడపవచ్చునన్న ఆలోచనకు బలం చేకూరిందని నా అభిప్రాయం. అచ్చుయంత్రం ప్రాముఖ్యాన్ని నేను కాదనడం లేదు. దానిని మొదటి కారణంగా చెప్పడం మాత్రమే సరికాదు.