నా డ్రమ్ములో ఫినాయిల్ పోసిన వదినగారికి దండం

పొద్దున్నే డాబా ఎక్కితే నా కంపోస్టు డ్రమ్ములోంచి ఆసుపత్రి వరండా వాసన! కిందింటి వదినగారు ఫినాయిల్ పోశారట. అర సీసా. "పురుగులు పడతాయని పోశాన్లే అమ్మా" అని నవ్వుతూ మరీ చెప్పారు. ఏటనాలి?

19 రోజుల కష్టం అది. ఘజియాబాద్ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తయారుచేసిన వేస్ట్ డీకంపోజర్ సీసా తెప్పించాను, చెత్తని కుళ్లబెట్టే సూక్ష్మజీవులుంటాయి అందులో. వాళ్లు 200 లీటర్ల నీళ్లకి 2 కిలోల బెల్లం అంటారు. మన బకెట్టుకి ఆ లెక్కన తగ్గించి, రోజుకి రెండుసార్లు కలుపుతూ వారం కాచుకుని, వంటింటి చెత్త మీద పొరపొరకీ చల్లాను. నిన్న చెయ్యి పెడితే లోపల చుర్రుమంది. అది బాక్టీరియా తింటున్న వేడి! తోడేసిన పాలగిన్నెలో ఎవరైనా ఫినాయిల్ పోస్తారా? ఇదీ తోడేనండీ, చెత్త బేగి ఎరువవ్వడానికి.

మొదటిసారి నాదీ కంపు కొట్టింది, ఒప్పుకుంటాను. మిగిలిన చారంతా అందులో పారబోశాను మరి. ఎండుటాకులు, కొబ్బరిపీచు వెయ్యకుండా, గాలి ఆడనివ్వకుండా సీసా ఒక్కటి పోసేస్తే ఏడు రోజుల్లో ఎరువు అంటాడు కొట్టువాడు. వాడి నోట్లో బెల్లం పొయ్య! పిడిచేసిన గుడ్డలా తడుండాలి, అంతే. ఇదెవడూ చెప్పడు.

చెప్పారులెండి. తడిచెత్తతో చేసిన ఎరువుని "మో ఖత" (నా ఎరువు) పేరుతో అమ్మే ఒడిశా కదా మనది, శిక్షణ కూడా పెట్టారు. కాగితం ఒడియాలో ఇచ్చారు, సరే. తెలుగులో లేదా అంటే ఎక్కడినుంచో ఒకటి లాగారు: "ద్రావణమును ఆర్ద్ర వ్యర్థములపై సమముగా ప్రోక్షించవలెను." ప్రోక్షించడానికి ఇదేటి, సత్యనారాయణ వ్రతమా? పర్లాకిమిడిలోనండీ ఈ ముక్క! గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో, జనం మాట్లాడే తెలుగు రాయండ్రా బాబూ అని ఆయన జీవితమంతా పోట్లాడిన ఊళ్లో! 1936లో ఊరు ఒరిస్సాలో కలిస్తే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం, ప్రోక్షించుకుంటూ. వదినగారికి ఒడియా చదవడం రాదు, ఆ తెలుగు నాకే రాదు. ఇంక ఫినాయిల్ పొయ్యక ఏం చేస్తారు ఆవిడ మాత్రం?

అయినా నా కోపం పోలేదు. డ్రమ్ము ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించాను. మళ్లీ మొదటినుంచి.

ఇప్పుడే వదినగారు గిన్నె పట్టుకొచ్చారు, పెరుక్కి తోడు కావాలట. గిన్నె వాసన చూసి మరీ వేశాను.