విషమయుగ్మజం గారి పేరు మార్పు విషయమై విన్నపం

మహారాజశ్రీ విషమయుగ్మజం గారి సముఖమునకు,

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా నుంచి రాసుకుంటున్న విన్నపం. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం జన్యువు వచ్చిన జతకు పెట్టిన పేరు మీది (ఇంగ్లిష్‌లో హెటిరోజైగస్). ఆనవాయితీ ప్రకారం ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, మీ ఇంట్లో ఉండేదే ఇద్దరు, అందులో ఒకరే కుశలం. అందుకని నేరుగా సంగతికొస్తున్నాం. మీ పేరు మార్చుకోవాలి.

ప్రాణహిత ఒడ్డున పిల్లలు మరాఠీ బడిలో చదివి ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు. బడిలో సమ్ అంటే 2, 4, 6. విషమ్ అంటే 1, 3, 5. అక్కడ మీరు లెక్కల పుస్తకంలో బేసి సంఖ్యంత అమాయకులు. అదే పిల్ల సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) పరీక్ష చేయించుకుని ఇంటికొచ్చి "నాది విషమయుగ్మజమట" అంటే, పొయ్యి దగ్గరున్న అమ్మమ్మకు వినబడేది మొదటి మూడక్షరాలే. పేపర్లో ఈ రోజు "పరిస్థితి విషమం" అని పడితే రేపు ఏం పడుతుందో ఆమెకు తెలుసు. ఇక ఆ పిల్లకు ఎండలోకి పోవద్దు, నీళ్లు మోయొద్దు, పెళ్లి సంగతి తర్వాత చూద్దాం. పిల్లేమో గోడ దూకి ఆడుకుంటూ ఉంటుంది.

మీ అన్నగారు సమయుగ్మజం, అంటే రెండువైపుల నుంచీ ఒకే రకం జన్యువు వచ్చినాయన, ఉన్నారే, ఆయన పేరు ఎంత చల్లగా ఉందో! సమం, సామరస్యం. సికిల్ సెల్లో ఎముకల నొప్పులతో మంచం పట్టించేది మాత్రం ఆయనే. పైగా ఏ-ఏ (రెండూ మంచి జన్యువులే) ఉన్నవాళ్లదీ సమయుగ్మజమే, ఎస్-ఎస్ (రెండూ సికిల్ జన్యువులే) ఉన్నవాళ్లదీ సమయుగ్మజమే. మీరు ఏ-ఎస్. ఒకే పేరు మీద ఒకరు నారు మోస్తారు, ఒకరు రక్తం ఎక్కించుకుంటారు. రేషన్ కార్డుల్లో కూడా ఇంత గందరగోళం ఉండదు.

మీకు మొదట పేరు పెట్టినవాళ్ల తప్పేమీ లేదు. 1902లో విలియం బేట్సన్, ఎడిత్ సాండర్స్ కలిసి గ్రీకు మాటలతో మీ ఇద్దరికీ నామకరణం చేశారు. ఆ మాటల్లో ఉన్నది కాడి. ఒకే కాడికి రెండెడ్లు, ఒకటి తల్లి తెచ్చింది, ఒకటి తండ్రి తెచ్చింది. రెండూ ఒకే రంగైతే సమం, రంగులు వేరైతే మీరు. మా రైతుకు ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. తెల్లెద్దు పక్కన ఎర్రెద్దును కట్టినంత మాత్రాన అరక ఆగదు కదా.

సికిల్ సెల్లో ఆ రంగు తేడా కూడా ఒక్క అక్షరమే. 11వ క్రోమోజోమ్ మీద హిమోగ్లోబిన్‌ను తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు రాతలో ఒకచోట ఏ అనే అక్షరం ఉండాల్సింది టీ అవుతుంది (ఈ ఏ వేరు, ఏ-ఏలోని ఏ వేరు). దాంతో గ్లూటమిక్ ఆమ్లం పోయి వాలిన్ వచ్చి కూర్చుంటుంది. అలాంటి జన్యువు రెండువైపులా వస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ పోగులు పోగులుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. ఒకవైపే వస్తే రెండోవైపు మంచి జన్యువు తన పని తాను చేసుకుపోతుంది. అంటే మీరున్న ఇంట్లో సగానికి పైగా మంచి హిమోగ్లోబినే, దాని పేరు ఏ. కణాన్ని వంచేది ఎస్.

ఇక పరీక్ష చీటీల సంగతి. ఆశా తాయి (మా ఊరి ఆశా కార్యకర్త) వేలికొన పొడిచి తీసిన రక్తాన్ని, సాధారణంగా 20 మైక్రోలీటర్లు, 2 మిల్లీలీటర్ల డైథయోనైట్ అనే రసాయన ద్రావణంలో కలిపి, 5 నిమిషాలాగి, గొట్టం వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనబడకపోతే పాజిటివ్. అక్కడితో చీటీ అయిపోతుంది. మీరైనా, ఎస్-ఎస్ అయినా గొట్టం ఒకేలా మసకబారుతుంది! తేల్చాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీయో ఎలక్ట్రోఫోరెసిసో చేయాలి. ఆ కాగితంలో చూడాల్సింది ఒక్కటే: ఏ ఎక్కువా, ఎస్ ఎక్కువా? ఏ ఎక్కువగా ఉండి ఎస్ 35-40 శాతం దగ్గరుంటే అది మీరే. ఎస్ ఎక్కువైతే మీరు కాదు, ఎవరేమన్నా నమ్మొద్దు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్న మనిషి కాగితంలో కనబడే ఏ అరువు సొమ్ము, అందుకే 3 నెలలాగి మళ్లీ చేయాలి.

ఆ గొట్టానికీ కొన్ని జబ్బులున్నాయి. ద్రావణం సీసా మూత తెరిచి గాలికి వదిలేస్తే డైథయోనైట్ చచ్చిపోతుంది, ఊరంతా నెగెటివ్. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న మనిషికి అదే 20 మైక్రోలీటర్లు చాలవు, రెట్టింపు వేయాలి. 6 నెలల్లోపు పసివాళ్లలో పిండదశ హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి గీతలు చక్కగా కనబడి తల్లిని మోసం చేస్తాయి.

పాఠ్యపుస్తకం మిమ్మల్ని "అంతర్గత లక్షణం దాచినవారు" అంటుంది. బఠానీలో సరే. రక్తంలో మీరు దాచేదేముంది? హెచ్‌పీఎల్‌సీలో ఏ, ఎస్ రెండూ పక్కపక్కనే నిలబడతాయి. మనిషి ఆరోగ్యాన్ని చూస్తే ఎస్ అణిగి ఉంది, హిమోగ్లోబిన్‌ను చూస్తే రెండూ సమానులే. బహిర్గతమా అంతర్గతమా అన్నది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి, అది వేరే విషయం.

మీ పేరు వాడుకుని మోసం చేసే దాయాదులు కూడా ఉన్నారు. ఒకవైపు నుంచి ఎస్, ఇంకోవైపు నుంచి బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యులోపం) వచ్చిన బిడ్డది నిఘంటువు ప్రకారం విషమయుగ్మజమే, జన్యువులు వేర్వేరు కాబట్టి. కాడికి రెండు రంగుల ఎడ్లు, రెండూ కుంటివే. నొప్పులు ఎస్-ఎస్ వాళ్లకొచ్చినట్టే రావచ్చు. అక్కడ ఎస్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు, ఏ2 అనే ఇంకో రకం హిమోగ్లోబిన్ కూడా చూడాలి, తల్లిదండ్రులిద్దరి రక్తమూ చూడాలి.

తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో ఎలా జతకట్టవచ్చో చూపే నాలుగు గళ్ల బొమ్మ గురించి కూడా చెప్పాలి. ఏ-ఎస్, ఏ-ఎస్ దంపతులకు ఆ బొమ్మ చూపిస్తే "నలుగురు పిల్లల్లో ఒకరికి" అని చదువుకుంటారు. మొదటి బిడ్డకు జబ్బొస్తే మన వంతు అయిపోయిందనుకుంటారు. గళ్లు పిల్లలు కావు. ప్రతి కాన్పుకూ పాచికలు కొత్తగా పడతాయి, ప్రతిసారీ నాలుగింట ఒక వంతే. ముగ్గురు పిల్లలూ జబ్బు లేకుండా పుట్టే అవకాశం 64లో 27, సగం కూడా లేదు.

మేనరికం లెక్క ఇంకాస్త ముదురు. అమ్మమ్మ ఒక్కతే వాహకురాలు (ఏ-ఎస్) అయితే, ఆ ఒక్క జన్యువే మేనబావ, మరదళ్లిద్దరి గుండా వచ్చి బిడ్డలో జతకట్టే అవకాశం 64లో ఒకటి. అదే మేనమామ మేనకోడల్ని చేసుకుంటే 32లో ఒకటి. సంబంధం ఇంట్లోంచి కాక నది దాటి కాళేశ్వరం వైపు నుంచి తెచ్చుకున్నా, అటువైపు రక్తం చూడకపోతే ఫలానా అని చెప్పలేం. ఏ-ఎస్ పిల్లను ఏ-ఏ పిలగాడికిస్తే సికిల్ జబ్బున్న బిడ్డ పుట్టదు. అయినా తప్పిపోయే సంబంధాలు ఇవే! గడ్చిరోలి అడవుల ఫాల్సిపారం మలేరియా ముదిరి ప్రాణం తీయకుండా చిన్నప్పుడు కాపు కాసింది మీరేనన్న సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ ఎత్తరు. ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి మనవాళ్లక్కూడా ఈ మాట చెప్పండి.

అలాగని మీకు పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వడం లేదు. ఒంట్లో నీళ్లెండిపోయేంత పరుగులు, ఎత్తయిన కొండలు, అప్పుడప్పుడు మూత్రంలో రక్తం, ఇవి మీ ఖాతాలోవే. రక్తహీనత మాత్రం కాదు. ఏ-ఎస్ మనిషి పాలిపోతే ఇనుము లోపం చూడాలి, మీ నెత్తిన రుద్ది ఇంటికి పంపకూడదు.

కాబట్టి పేరు మారేదాకా, చీటీ మీద సమమనో విషమమనో, ఉత్త పాజిటివ్ అనో కాక, ఏ-ఏ, ఏ-ఎస్, ఎస్-ఎస్ అని అక్షరాలే రాయించగలరని ప్రార్థన.

ఇట్లు,
మీ వల్ల ఏ బాధా లేని, మీ పేరుతోనే బాధపడుతున్నవాళ్లు

తా.క.: ఎస్-ఎస్ ఉన్న ఒకాయన ఏ-ఏ ఆమెను పెళ్లాడితే పుట్టే పిల్లలంతా మీవాళ్లే, ఒక్కరూ తప్పరు. ఆ ఇంటికి గొట్టం పట్టుకుని పోనక్కర్లేదు, పెళ్లీడు వచ్చాక అవతలివాళ్ల రక్తం చూస్తే చాలు.