శాట్‌కి ఏడో తరగతి నుంచే కోచింగా?

మనవాళ్లలో శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) మాట రాగానే వచ్చే మొదటి ప్రశ్న: ఎప్పట్నుంచి కోచింగ్ పెట్టించాలి? ఆల్జీబ్రా 2 (అమెరికా హైస్కూల్ లెక్కల కోర్సు) పూర్తికాని పిల్లల చేత ఫుల్ టెస్టులు రాయించడం దండగ అని మా అభిప్రాయం. దండగే కాదు, నష్టం కూడా. శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు, పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లో ఉచితంగా ఇచ్చే పూర్తి ప్రాక్టీస్ టెస్టులు కొన్నే. అసలు పరీక్షకి అంత దగ్గరగా ఉండేవి ఇంకెక్కడా దొరకవు. ఎనిమిదో తరగతిలోనే అవన్నీ రాయించేస్తే, అవసరమైనప్పుడు చేతిలో కొత్త టెస్టు ఉండదు.

ఇప్పటి శాట్ 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 27 ప్రశ్నల మాడ్యూళ్లు (భాగాలు) రెండు, మ్యాథ్‌లో 22 ప్రశ్నలవి రెండు. మొదటి మాడ్యూల్ ఎలా రాశారో చూసి రెండోది కష్టమైనదో తేలికైనదో ఇస్తారు. తేలికైనది వచ్చిందంటే పెద్ద స్కోరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

లెక్కల్లో దిట్టలైన మన పిల్లలు దెబ్బతినేది ఆ మొదటి మాడ్యూల్ తొందరలోనే. 3x + 6 = 21 అయితే x + 2 ఎంత? గబగబా x = 5 అని తేల్చి, 5 టిక్కు పెట్టేస్తారు. అడిగింది x + 2, జవాబు 7. ఆప్షన్లలో 5 కావాలనే పెడతారు మరి!

అందుకే ఒక టెస్టు రాశాక రెండు వారాలు తప్పుల మీదే కూర్చోవాలి. ప్రతి తప్పు పక్కనా కారణం రాయించండి: తెలియకా, సరిగ్గా చదవకా, టైం చాలకా? తెలియనిదానికి ఖాన్ అకాడమీ వెబ్‌సైట్ ఉచితంగానే ఉంది. టైం చాలకపోతే యాప్‌లోనే ఉన్న డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ నేర్పించండి; రెండు సమీకరణాలు టైప్ చేస్తే గీతలు కలిసేచోటే జవాబు. సరిగ్గా చదవకపోవడానికి మాత్రం ఏ కోచింగూ మందు కాదు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలొద్దు.

అసలు శాట్ అవసరమా? ఎంఐటీ, జార్జియా టెక్ అడుగుతాయి. యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఎంత స్కోరు పంపినా అడ్మిషన్‌కి చూడవు. లిస్టులో యూసీలే ఉంటే వేసవంతా క్లాసులకి తిప్పడం దేనికి?

ఇంకొకటి, సొంతంగా కొన్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ మీద పరీక్ష రాయనివ్వరు, స్కూలు ఇచ్చినదైతేనే పనికొస్తుంది. బ్లూబుక్‌లో ఎగ్జామ్ సెటప్ ముందురోజుకల్లా పూర్తిచేయించండి.