ఏథెన్సు హద్దురాయికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ హోరోస్ రాతిగారికి, ఉభయకుశలోపరి.

పొలం గట్టున సగం మట్టిలోను, సగం ఎండలోను నిలబడి తమరు శతాబ్దాల తరబడి చేసిన కొలువును తలచుకుంటే, జీతం లేకుండా ఇంత అధికారం చెలాయించిన ఉద్యోగి మరొకరు కనబడరు. భూముల దస్తావేజులన్నీ ఒకచోట దాచే రిజిస్ట్రారు కచేరీ ఆనాటి ఏథెన్సులో లేదు. ఉన్నదల్లా తమరూ, ఇరుగుపొరుగుల సాక్ష్యమూను. క్రీ.పూ. 500 ప్రాంతంలో తమ బంధువొకాయన సంతబయలు అంచున నిలబడి, "నేను అగోరా హద్దును" అని తన గురించి తానే చాటుకున్నాడు.

అంతకు చాలా ముందే, క్రీ.పూ. 594లో అధికారానికి వచ్చిన ఏథెన్సు శాసనకర్త సోలోన్, నల్లని భూమాత ఒంట్లో దిగవేసిన మిమ్మల్ని పెరికి ఆమెను దాస్యం నుంచి విడిపించానని పద్యం చెప్పుకున్నాడు. ఆనాడు తమరు అప్పుకు గుర్తులా, వట్టి హద్దులా అని పండితులు నేటికీ తగవుపడుతున్నారు; హద్దురాయి మీదే హద్దు తగాదా రావడం తమ హోదాకు తగిన గౌరవమే.

పెరికితే పోయే ఘటమా తమరిది? క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఒంటినిండా అక్షరాలు చెక్కించుకుని నిలబడ్డారు: ఈ పొలమూ ఇల్లూ తిరిగి విడిపించుకొనే షరతుపై ఫలానావారికి ఇన్ని ద్రాక్మాలకు అమ్మినవి. అప్పిచ్చినవాడి పేరు ఉంటుంది, పైకం ఉంటుంది, తీసుకున్నవాడి పేరు మాత్రం సాధారణంగా ఉండదు. పాపం, వాడి పరువు కాపాడుతున్నారనుకున్నాను. పొలం ఎవరిదో ఊరందరికీ తెలిసిందే గనుక చెక్కుడుకూలి మిగుల్చుకున్నారని తరవాత తట్టింది. అల్లుడి పొలంలో తమరిని పాతించి, కూతురి కట్నానికి ఈ భూమి పూచీ అని రాయించిన మామగార్లూ ఉన్నారు. ఒక మెడిమ్నోస్ (ఆనాటి ధాన్యపు కొలత) బార్లీ విలువకు మించిన బేరం సొంతంగా చేసే హక్కు లేని ఆ అమ్మాయి పేరు కొన్నిచోట్ల రాతికెక్కిందంటే అది తమ దయే.

తమ దయ అందరికీ దక్కలేదు. బానిసగా మొదలై, ఏథెన్సు వడ్డీవ్యాపారి పాసియోన్ బ్యాంకును గుత్తకు తీసుకున్న ఫోర్మియోన్ అప్పటికి పౌరుడు కాడు, కనుక భూమి మీద హక్కు లేదు. భూమి తాకట్టు మీద ఇచ్చిన అప్పులు తన చేత వసూలు కావని గ్రహించి, 11 టాలెంట్ల పైకాన్ని పాసియోన్ పేరనే బాకీగా రాయించుకున్నాడు. తమ ముందు నిలబడి అరిచినా లాభం లేదని లెక్కలు తెలిసినవాడికి వేరే చెప్పాలా?

ఇప్పుడు తమరు మ్యూజియంలో ఉన్నారు. మట్టిలో దాగవలసిన గరుకు అడుగుభాగం కూడా బయటపడింది. ఇంతకీ ఆ బాకీ తీరిందా, లేదా?

ఇట్లు,
హద్దుకు అవతల నిలబడిన విధేయుడు