బియ్యం ఉన్నాయి, పప్పేదీ?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి వచ్చినన్నాళ్లు హమాలీ చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. ఆషాఢం నాటికి బస్తాలు తగ్గుతాయి. పిల్లల ఫీజులు, పుస్తకాలు సరిగ్గా అప్పుడే మీద పడతాయి. ఆ నెలల్లో వరంగల్ బస్తీల్లో ఆకలంటే ఖాళీ గిన్నె కాదు. కంచంలో అన్నం ఉంటుంది, కలుపుకోవడానికి ఇంత కారం, చింతపండు పులుసు తప్ప ఏమీ ఉండదు.

రేషన్‌లో మనిషికి 6 కిలోల బియ్యం ఉచితం. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి జనం అమ్ముకోకుండా వండుకుంటున్నారు. నిజంగా మంచి మార్పు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అంటే రోజుకు మనిషికి 200 గ్రాములు. బరువులు మోసే మనిషికి రెండు పూటలకు చాలదు, నిజమే. అంతకన్నా పెద్ద లోటు పప్పు, నూనె, గుడ్డు. మన దాతలు మాత్రం మళ్లీ 25 కిలోల బియ్యం బస్తాలే పంచుతున్నారు. ఇంచుమించు ఆ బస్తా సొమ్ముతోనే 3 కిలోల కందిపప్పు, 2 లీటర్ల నూనె, రెండు ట్రేల గుడ్లు వస్తాయి. మా విన్నపం ఇదే: బియ్యం కాదు, కూర ఇవ్వండి.

బస్తా నిజంగా అవసరమయ్యేది కార్డు లేని ఇంటికి. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీయించకపోతే అత్తింటి కార్డులో ఎక్కదు. సిమెంటు పనిలో వేళ్లు అరిగినవారి వేలిముద్రను రేషన్ షాపు మిషన్ పట్టదు, అప్పుడు కంటిపాప స్కాన్ అడగాలి. చదువుకున్న కుర్రాడొకరు ఆధార్ పట్టుకుని మీసేవకు వెంట వెళితే, ఆ ఒక్క పూట శ్రమ ఏళ్లపాటు అన్నం పెడుతుంది.

ఫంక్షన్ హాళ్లలో మిగిలిన వంట పంచేవారు వడ్డన ముగిసేదాకా ఆగొద్దు. వండిన నాలుగు గంటల్లోపు తినేవారి చేతికి చేరాలి. పప్పు, పెరుగన్నం ముందు పులుస్తాయి, పులిహోర కాస్త నిలుస్తుంది. వేడన్నాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమటపట్టి పాచిపోతుంది.

ఇక ఫొటోలు. కెమెరా కనబడితే నిజంగా అవసరమున్న తల్లి గడప దాటదు. వాడకట్టులోని కిరాణా కొట్టులో డబ్బు కట్టి, ఆమెకు కావాల్సింది ఆమెనే తీసుకోనివ్వండి. ఖాతా పుస్తకంలో పేరుకు బదులు నంబరు రాస్తే చాలు.