అమ్మాయిలకు ఉచిత ప్రవేశం పెడితే గోల్ఫ్ క్లబ్బులు బతకవు

ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. కాలేజీ స్నేహితులు పంపారు, ఆదివారం కలిసి ఆడేవాళ్లు పంపారు, చివరికి మా బావగారు కూడా ‘తప్పక చదవండి’ అని రాసి మరీ పంపారు. ‘గోల్ఫ్ క్లబ్ వేడుకలకు యువత రావాలంటే ఆరు సూత్రాలు’ అని దాని పేరు. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఆ ఆరు సూత్రాలూ క్లుప్తంగా ఇవి. ఈ తరానికి గోల్ఫ్ మీద ఆసక్తి పోయింది కాబట్టి ఆట సంగతి వదిలేసి పార్టీల మీద దృష్టి పెట్టాలి. తంబోలా తీసేసి డీజే పెట్టాలి. అమ్మాయిలకు ఉచిత ప్రవేశం ఇస్తే అబ్బాయిలు వాళ్లంతట వాళ్లే వస్తారు. డ్రెస్ కోడ్ మాత్రం సడలించకూడదు. ఫీజు తగ్గిస్తే క్లబ్ స్థాయి పడిపోతుంది. కుర్రాళ్లు వస్తామని చెప్పి రారు కాబట్టి ముందే డబ్బు కట్టించుకోవాలి.

పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ చూసి ఊరుకున్నాను. కానీ ఇప్పుడు మా కమిటీలో ఉన్నవాళ్లే దీన్ని వచ్చే సీజన్ ప్రణాళికలా మాట్లాడుతున్నారు. ఇక ఊరుకోవడం నావల్ల కాదు.

ఆసక్తి పోయిందన్నది మొదటి మాట. ఎవరిని అడిగి రాశారు? కోవిడ్ తర్వాత చాలా దేశాల్లో గోల్ఫ్ పెరిగింది. అమెరికాలో 2019లో సుమారు 2.4 కోట్ల మంది కోర్సులో ఆడితే, 2023 నాటికి ఆ సంఖ్య 2.6 కోట్లు దాటింది. వాళ్లలో 18 నుంచి 34 ఏళ్ల వాళ్లదే పెద్ద వాటా. కోర్సులో అడుగు పెట్టకుండా టాప్‌గోల్ఫ్ లాంటి వినోద కేంద్రాల్లో, తెర మీద ఆడే సిమ్యులేటర్ల మీద మాత్రమే ఆడేవాళ్లు ఆ ఏడాది మరో 1.8 కోట్ల మంది ఉన్నారు. డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగం చేస్తున్న మన పిల్లల్ని అడగండి, మొదటిసారి గోల్ఫ్ స్టిక్ ఎక్కడ పట్టుకున్నారో చెబుతారు. ఇంగ్లాండ్‌లో ఏ క్లబ్బులోనూ సభ్యత్వం లేనివాళ్లకు కూడా అధికారిక హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) ఇవ్వడానికి అక్కడి గోల్ఫ్ సంస్థ 2021లో ‘ఐగోల్ఫ్’ అనే పథకమే తెచ్చింది. ఆట కావాలి, క్లబ్ అక్కర్లేదు అనేవాళ్లు అంతమంది ఉన్నారు కాబట్టే తెచ్చింది.

మన దేశంలో సంగతి చూడాలంటే 2021 ఆగస్టు 7 ఉదయాన్ని గుర్తు తెచ్చుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచ ర్యాంకు 200 ఉన్న మన గోల్ఫర్ అదితి అశోక్ చివరి హోల్ దాకా పతకం కోసం పోరాడి, ఒక్క స్ట్రోక్ (ఒక్క దెబ్బ) తేడాతో నాలుగో స్థానంలో ఆగింది. బర్డీకి, బోగీకి తేడా తెలియని ఇళ్లలో కూడా ఆ పొద్దున టీవీలు ఆన్‌లో ఉన్నాయి. ఆసక్తి లేని దేశం అలా చూడదు.

అందుకే ‘ఆట వదిలేసి పార్టీలు పెట్టండి’ అన్న సలహా పూర్తిగా తప్పు. క్లబ్బులో ఎవరూ తెలియని 26 ఏళ్ల మనిషి శనివారం రాత్రి హాల్లోకి వచ్చి ఎవరితో మాట్లాడాలి? పాతికేళ్లుగా ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటున్న అంకుల్స్‌తోనా? అదే నలుగురితో కలిసి తొమ్మిది హోల్స్, అంటే సగం కోర్సు, నడిచాడనుకోండి, రెండు గంటల్లో పేర్లు, ఊర్లు, ఉద్యోగాలు అన్నీ మాటల్లోకి వచ్చేస్తాయి. స్క్రాంబుల్ పెడితే నలుగురు కొట్టిన బంతుల్లో మంచిదాన్నే తీసుకుంటారు కాబట్టి, కొత్తగా నేర్చుకునేవాడికి పరువు పోతుందన్న టెన్షన్ ఉండదు. షాట్‌గన్ స్టార్ట్ పెడితే అందరూ వేర్వేరు హోల్స్ దగ్గర ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగిస్తారు, కలిసి భోజనానికి కూర్చుంటారు. ఇప్పుడున్నట్టు టీ టైముల ప్రకారం, అంటే మొదటి హోల్ నుంచి ఒక్కో బృందాన్ని ఒక్కో సమయానికి పంపితే మొదటి బృందం తిని ఇంటికి వెళ్లేసరికి చివరి బృందం ఇంకా కోర్సులోనే ఉంటుంది. పైగా తొమ్మిది హోల్స్ స్కోరుకు హ్యాండిక్యాప్‌లో విలువ లేదన్న పాత సాకు ఇక చెల్లదు. 2024 నుంచి ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో మరో తొమ్మిది హోల్స్ ఆడేదాకా ఆగకుండా ఆ స్కోరును వెంటనే లెక్కలోకి తీసుకుంటున్నారు. సాయంత్రం తొమ్మిది హోల్స్, ఆ తర్వాత భోజనం. యువతకు ఇంతకంటే మంచి వేడుక నాకు తెలియదు.

తంబోలా, డీజే గొడవ మీద సమయం వృథా చేయను. డీజే కావాలనుకునేవాళ్లకు జూబ్లీహిల్స్‌లో పబ్బులకు కొదవ లేదు. తంబోలా అంటే పిల్లలకు ఇష్టమే, దాని జోలికి పోకండి.

ఇప్పుడు మూడో సూత్రం. ‘అమ్మాయిలకు ఉచితం, వాళ్లొస్తే అబ్బాయిలు వాళ్లంతట వాళ్లే వస్తారు.’ చదువుకున్నవాళ్లు, కూతుళ్లున్నవాళ్లు దీన్ని చప్పట్ల బొమ్మలు పెట్టి పంపుతుంటే నాకు కడుపు మండిపోతోంది. ఈ వాక్యంలో అమ్మాయి సభ్యురాలు కాదు, ఆటగత్తె కాదు, కనీసం అతిథి కూడా కాదు. చేపల కోసం గాలానికి గుచ్చే ఎర. దీన్ని ఫార్వర్డ్ చేసే ముందు మీ ఇంట్లో కూతురికో కోడలికో పైకి చదివి వినిపించండి. వినిపించలేకపోతే నాకూ పంపకండి.

ఉచితంగా లోపలికి పిలిచిన అమ్మాయి దగ్గర నుంచి మనం ఏమి ఆశిస్తున్నాం? డబ్బు కట్టి వచ్చిన అబ్బాయి ఏమి ఆశిస్తూ వస్తాడు? ఆ రాత్రి ఎవరైనా హద్దు దాటితే కమిటీ ఏమంటుంది? ‘ఉచితమని తెలిసే వచ్చింది కదా’ అనదని మీరు హామీ ఇవ్వగలరా? ఒక్క అమ్మాయికి అలాంటి అనుభవం ఎదురైతే ఆమె, ఆమె స్నేహితురాళ్లు, ఆమె చెల్లెలు, ఎవరూ మళ్లీ ఆ గేటు దాటి రారు. రాకూడదు కూడా.

ఆడవాళ్లను బయట నిలబెట్టడంలో గోల్ఫ్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1754లో పుట్టిన సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ మహిళల సభ్యత్వానికి ఓటు వేసింది 2014లో. అమెరికాలో అగస్టా నేషనల్ మొదటిసారి ఇద్దరు మహిళలను చేర్చుకున్నది 2012లో. స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో 2016లో మహిళలకు సభ్యత్వం ఇవ్వాలన్న తీర్మానం సరిపడా ఓట్లు రాక వీగిపోయింది. వెంటనే ఓపెన్ ఛాంపియన్‌షిప్ నిర్వాహకులు ఇక అక్కడ టోర్నీ పెట్టబోమని ప్రకటించారు. మరుసటి ఏడాదే మళ్లీ ఓటింగ్ జరిగి తీర్మానం నెగ్గింది. 2022లో అదే కోర్సులో మహిళల ఓపెన్ ఆడారు. ఆ క్లబ్బులు మారింది సభ్యత్వం ఇచ్చి. ఉచిత టికెట్లు పంచి కాదు.

మన క్లబ్బుల్లో చాలాచోట్ల ఆడవాళ్ల హక్కు భర్త సభ్యత్వం వెంట వచ్చేదే. కార్డు ఉంటుంది, ఓటు ఉండదు. లేడీస్ డే అని పెడతారు, అది పనిరోజు పొద్దున. ఉద్యోగం చేసే అమ్మాయి మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఎలా వస్తుంది? నేర్చుకోవాలని ఉత్సాహంగా వచ్చి మానేసిన అమ్మాయిలు చెప్పే కారణాలు ఎవరైనా రాసుకుంటే చాలు, అందులోనే పరిష్కారం ఉంది. పద్దెనిమిది హోల్స్ మధ్యలో శుభ్రమైన టాయిలెట్ ఉండదు. మహిళల లాకర్ గదిని సామాన్ల గది చేసేస్తారు. పార్కింగ్‌లో సగం లైట్లు వెలగవు. స్వింగ్ నేర్పే వంకతో మీద చేతులు వేస్తారు. కోర్సులో అడగని సలహాలు ఇచ్చే పెద్దమనుషులు వెంటపడతారు. వీటిలో ఒక్కటైనా ఉచిత ప్రవేశంతో తీరుతుందా?

అదితి అశోక్ అయిదేళ్ల వయసులో బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో ఆట మొదలుపెట్టింది. రియో ఒలింపిక్స్‌లో ఆమె బ్యాగ్ మోసింది వాళ్ల నాన్న, టోక్యోలో వాళ్లమ్మ. అలాంటి ఇంకో అమ్మాయి మన క్లబ్బు డ్రైవింగ్ రేంజ్‌లో ఈపాటికే బంతులు కొడుతూ ఉండొచ్చు. ఆమెకు పద్దెనిమిదేళ్లు రాగానే మనం ఇచ్చే స్వాగతం ‘ఉచిత ప్రవేశమా’?

డ్రెస్ కోడ్ సంగతికొస్తే, కోర్సులో కాలర్ చొక్కా, సరైన బూట్లు అడగండి, నేనూ అదే అంటాను. కానీ భోజనాల హాల్లో జీన్స్ వేసుకున్నాడని సభ్యుడి కొడుకుని వెనక్కి పంపితే ఎవరి గౌరవం పెరిగింది? అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీలు నడిపే పీజీఏ టూరే 2019లో ప్రాక్టీసు రౌండ్లలో ఆటగాళ్లను షార్ట్స్ వేసుకోనిచ్చింది. మన పట్టుదల ఎక్కడిదాకా పోతుందో కూడా చూశాం. 2014లో చెన్నైలో పంచె కట్టుకున్నారని హైకోర్టు న్యాయమూర్తినే ఒక క్రికెట్ క్లబ్బు లోపలికి రానివ్వలేదు. తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ఏకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో భోజనానికి అతిథిగా వచ్చిన మేఘాలయ మహిళను, ఆమె కట్టుకున్న సంప్రదాయ జైన్‌సెమ్ పనిమనిషి బట్టల్లా ఉందని లేచి వెళ్లమన్నారు. పాతికేళ్ల పిల్లలు ఈ వార్తలు చదివే పెరిగారు. క్లబ్ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది ఇలాంటి వార్తలే.

ఫీజు తగ్గిస్తే స్థాయి పడిపోతుందన్న సూత్రం రాసినవాళ్లకు సభ్యుల పిల్లలకు ఇచ్చే డిపెండెంట్ కార్డు అంటే ఏమిటో తెలిసినట్టు లేదు. మన క్లబ్బుల్లో పెరిగిన పిల్లలే మనకు దొరికే మొదటి యువత. ఈత నేర్చుకున్నది ఇక్కడే, మొదటి పుట్ వేసింది ఇక్కడే, క్యాంటీన్ కుర్రాడితో సహా అందరికీ వాళ్ల పేర్లు తెలుసు. ఇరవై ఒకటో, ఇరవై అయిదో నిండగానే కార్డు రద్దు. కూతురైతే ‘పెళ్లికాని’ అన్న మాట కూడా నిబంధనలో ఉంటుంది, పెళ్లయిన మరునాటి నుంచి ఆమె పుట్టింటి క్లబ్బుకు పరాయిది. ఆ తర్వాత రావాలంటే లక్షల్లో ప్రవేశ రుసుము, ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. గచ్చిబౌలిలో మొదటి ఉద్యోగంలో చేరి అద్దె, ఈఎంఐ కట్టుకునే పిల్లలు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? నలభై అయిదేళ్లకు తెస్తారు. అప్పటికి వాళ్లను యువత అనరు.

బ్రిటన్‌లో చాలా క్లబ్బులు ఈ సమస్యకు జవాబు ఎప్పుడో కనుక్కున్నాయి. వయసు మెట్లు పెట్టి ముప్పై లోపు ఒక చందా, ముప్పై అయిదు లోపు ఇంకొంచెం ఎక్కువ, ఆ తర్వాత పూర్తి చందా తీసుకుంటాయి. మనమూ డిపెండెంట్‌గా ఉన్న పిల్లలకు ప్రవేశ రుసుమును పదేళ్ల వాయిదాల్లో కట్టే వీలు ఇవ్వొచ్చు, ఆ పదేళ్లూ ఓటు కూడా ఇవ్వొచ్చు. ఓటు ముఖ్యం. వేడుకల సబ్ కమిటీలో ముప్పై లోపు వాళ్లు ఒక్కరూ లేకుండా ముప్పై లోపు వాళ్లకోసం కార్యక్రమాలు నిర్ణయిస్తున్నాం. కోర్సులో మన బ్యాగులు మోస్తూ మనకంటే బాగా ఆడే క్యాడీ కుర్రాళ్ల గురించి అయితే ఈ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. మన దేశంలో ప్రొఫెషనల్ టోర్నీలు గెలిచిన వాళ్లలో ఒకప్పటి క్యాడీలు ఉన్నారు. ఏడాదికి ఒక్క సాయంత్రమైనా వాళ్లనూ జట్లలో కలిపి ఆడించి, అదే హాల్లో మన పక్కనే కూర్చోబెట్టి భోజనం పెడితే స్థాయి ఏమీ పడిపోదు.

ఆరో సూత్రంతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వస్తామని గ్రూపులో చేతులెత్తి, ఆ రాత్రి ఫోను కూడా ఎత్తరు. నలభై మందికి వండిస్తే పదిహేను మంది వస్తారు. వంటవాళ్లు, సర్వర్లు పదకొండు దాకా ఆగిపోతారు, బిర్యానీ పారబోస్తారు. ఈ విషయంలో ఈ తరం నిజంగా పాత తరం కంటే అన్యాయంగా ఉంది, ‘బిజీ’ అన్న మాటతో దాన్ని కప్పిపుచ్చకూడదు. ముందే డబ్బు కట్టించుకోండి, రాకపోతే తిరిగి ఇవ్వకండి. చెప్పకుండా ఆరుగురు బంధువులను వెంటేసుకొచ్చే పెద్ద సభ్యులకు కూడా అదే నియమం పెట్టండి.

డిపెండెంట్ల వయసు పరిమితి, ‘పెళ్లికాని’ అన్న మాట, వాయిదాల్లో ప్రవేశ రుసుము, ఈ మూడింటినీ వచ్చే వార్షిక సమావేశం అజెండాలో చేర్చమని కమిటీకి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. సభ్యుల సంతకాలు కావాలి. ఆ మెసేజ్ నాకు పంపినవాళ్లలో మా క్లబ్ సభ్యులు చాలామంది ఉన్నారు. ఆదివారం పొద్దున ఆట మొదలయ్యే మొదటి హోల్ టీ దగ్గర కాగితం పట్టుకుని ఉంటాను, వచ్చి సంతకం చేయండి.